బడికి మాత్రము బొక్కసము లేదా?

ప్రతి సంవత్సరమును శిశిరము వెడలి వసంతము రానున్న దినములలో మన శాసనసభలలో ఆదాయవ్యయపట్టిక చదువబడును. విద్యాశాఖ పద్దు వచ్చినప్పుడు సభ్యులందరును ఏకకంఠముగా విద్యను కొనియాడుదురు. విద్యయే ధనమనువారు కొందరు, విద్యయే దైవమనువారు కొందరు. స్తోత్రము ముగియును, పద్దు మిగులును. ఆ పద్దులో మాత్రము స్తోత్రమునకు దగిన రొక్కము కానరాదు. రహదారులకు ధనము దొరకును. సౌధములకు దొరకును. పరిశ్రమాధిపతుల కిచ్చు రాయితీలకు దొరకును. ఎన్నికల ముంగిట పంచు పందేరములకును దొరకును. పల్లెలోని ప్రాథమికపాఠశాల వంతు వచ్చుసరికి మాత్రము ఆర్థికమంత్రిగారి ముఖమున దైన్యము తాండవమాడును. బొక్కసము వట్టిపోయినదను పాట మొదలగును.

ఈ పాటను మన దేశము రెండువందల యేండ్లుగా వినుచున్నది. పాడువారు మారిరి గాని పల్లవి మారలేదు. అందుచేతనే ఈ విషయమై మా యభిప్రాయమును దాపరికము లేక చెప్పదలచితిమి. ప్రభుత్వముయొక్క మొదటి ఖర్చు బడి కావలెను. అన్నిటికిని పోగా మిగిలినది బడికి విదిలించుట ధర్మము గాదు. బడికి పోగా మిగిలినదానితో తక్కిన వైభవములు నడుపుకొనవలెను.

1822వ సంవత్సరమున చెన్నరాజధాని గవర్నరు సర్ తామస్ మన్రో కలెక్టర్లకందరికిని ఒక యుత్తరువు పంపెను. ఏ జిల్లాయం దెన్ని బడులున్నవి, ఎందరు చదువుచున్నారు, లెక్క వ్రాసి పంపుడనెను. వచ్చిన లెక్కలను కూడగా రాజధానియందు 12,498 బడులును, 1,88,650 మంది విద్యార్థులును ఉన్నట్లు తేలెను. అందు బాలికలు 4,540 మంది మాత్రమే. కావున అది స్వర్ణయుగమని మేము కీర్తింపబోము. ఆడపిల్లకును నిరుపేదకును మూసియుంచిన తలుపులు గల బడి ఎంత పురాతనమైనను మనకు ఆదర్శము కాజాలదు. కాని ఆ లెక్కలతోబాటు బళ్లారి కలెక్టరు కాంబెలు 1823లో వ్రాసి పంపిన నివేదిక కలదు. దానిని మన మంత్రివర్యులొక్కసారి చదివిన బాగుండును.

తెలుగువారును కన్నడిగులును కలిసి నివసించు ఆ బళ్లారిజిల్లాలో నాడు 533 బడులు, 6,641 మంది విద్యార్థులు. పదిలక్షలకు చేరువగానున్న జనములో చదువుచున్నవారు ఏడువేలమందియైనను లేరని ఆ కలెక్టరే ఆశ్చర్యపడెను. కారణమును దాచలేదు. సీమబట్టలు వచ్చి దేశపు నేతపనివాని మగ్గమును నిలిపివేసినవి. సంపాదన పోయిన తండ్రి పిల్లవానిని బడి మాన్పించి కూలికి బంపెను. పూర్వప్రభుత్వములు విద్యకిచ్చుచుండిన సహాయము కంపెనీవారి పాలనలో ఆగిపోయినది. ఒక కంపెనీ ఉద్యోగి తన పైయధికారులకు వ్రాసిన మాట లివి. యావద్భారతవిద్యకును ఏటికొక లక్షరూపాయలు చాలునని 1813లో నిర్ణయించిన పార్లమెంటున కీ మొర యెట్లు వినబడును? మన్రో తాలూకాలలోను జిల్లాలలోను పాఠశాలలు నెలకొల్పుటకు పథకము వేసెను గాని, 1827లో పత్తికొండలో విశూచివ్యాధిచే మరణించెను. ఆయనతోడనే ఆ యుత్సాహమును సన్నగిల్లెను. ప్రజలు పేదలైనప్పుడు ప్రభుత్వము చేయియందీయనిచో బడి బ్రతుకదు. ఈ సత్యము నేర్చుకొనుటకు మనకు క్రొత్తశాస్త్రము లక్కరలేదు, బళ్లారి నివేదిక చాలును.

అరువదియేండ్ల తరువాత, 1882లో, హంటరుసంఘమునకు జ్యోతిరావు ఫూలే ఒక విజ్ఞాపనము సమర్పించెను. ప్రభుత్వాదాయములో హెచ్చుభాగము రైతుల చెమటనుండి వచ్చుచున్నది. ఆ సొమ్ముతో నడచు చదువు మాత్రము పైతరగతులవారికే చేరుచున్నది. ఇది యేటి న్యాయమని ఆయన యడిగెను. నేడు ఉప్పుపొట్లముపై గాకున్నను సబ్బుబిళ్లపై పన్ను కట్టుచున్న కూలివాడును అదే ప్రశ్న యడుగవచ్చును. అడుగుటకు ఆయనకు చదువు లేకుండ జేసితిమి గనుక అడుగుట లేదు.

1911 మార్చి 16వ తేదీన గోపాలకృష్ణ గోఖలే సామ్రాజ్యశాసనసభలో ప్రాథమికవిద్యాబిల్లును ప్రవేశపెట్టెను. ఆయన కోరినది కొండంత కాదు. ఆరు మొదలు పదియేండ్లవరకు గల బాలురకు, స్థానికసంఘములు సిద్ధముగానున్న చోట్ల, క్రమక్రమముగా నిర్బంధవిద్య. అంతియే. 1912 మార్చిలో ఆ బిల్లు 38 వోట్లకు 13 వోట్లతో ఓడిపోయినది. ధనము లేదని కొందరు, ప్రజలు సిద్ధముగా లేరని కొందరు, కూలిపిల్లలు బడికి బోయిన పొలము లేమగునని కొందరు పలికిరి. ఓడించినవారందరు దొరలేయని మన మూరడిల్లుటకు వీలులేదు. దేశీయసభ్యులలోను కొందరు వారివైపు నిలిచిరి. ఓటమి తనకు ముందే తెలియుననియు, పరాజితుల ప్రయత్నములపైనే భావివిజయము లేర్పడుననియు గోఖలే ధైర్యము చెప్పుకొనెను. ఆయన నమ్మకము మనయందు.

మనమేమి చేసితిమి? 1950లో మన రాజ్యాంగము అమలులోనికి వచ్చినది. అందలి 45వ అధికరణము పదునాలుగేండ్లు నిండువరకు పిల్లలకందరికిని ఉచితనిర్బంధవిద్యను పదియేండ్లలో నేర్పరుపవలెనని నిర్దేశించినది. ఆదేశికసూత్రములలో గడువు పెట్టి చెప్పిన వాగ్దాన మిదియొక్కటే. 1960 వచ్చెను, పోయెను. 1964లో నియమింపబడిన కొఠారీసంఘము 1966లో తన నివేదిక నిచ్చుచు, 1985-86 నాటికి జాతీయాదాయములో నూటికి ఆరుపాళ్లు విద్యకు వ్యయపరుపవలెనని చెప్పినది. 1968నాటి జాతీయవిద్యావిధానము ఔనన్నది. 1986నాటి విధానము మరల ఔనన్నది. 2020నాటి విధానమును ఔననుచు, 2017-18లో వాస్తవముగా వ్యయమైనది 4.43 పాళ్లేయని తానే యొప్పుకొన్నది. ఒక ప్రతిజ్ఞను మూడుమార్లు చేసి ఒక్కమారును చెల్లింపనివానిని మన బజారులో నేమందురో పాఠకులకు మేము చెప్పనక్కరలేదు.

చట్టముమాటయు నట్టిదే. ఉన్నికృష్ణన్ వ్యాజ్యెములో 1993లో సుప్రీముకోర్టు పదునాలుగేండ్లలోపు పిల్లలకు విద్య ప్రాథమికహక్కేయని తీర్పు చెప్పినది. ఆ వ్యాజ్యెములో ప్రతివాది ఆంధ్రప్రదేశప్రభుత్వమే యని మనము మరువరాదు. 2002లో రాజ్యాంగమును 86వ మారు సవరించిరి. 2009లో విద్యాహక్కుచట్టము చేసిరి. 2010 ఏప్రిలు 1వ తేదీనుండి అది అమలులోనికి వచ్చినది. పదియేండ్లలో తీర్పవలసిన బాకీకి అరువదియేండ్లకు పత్రము వ్రాసియిచ్చినట్లైనది. అసలు చెల్లించుట యింకను మిగిలియేయున్నది.

ధనము లేదందురా? 2004వ సంవత్సరమునుండి విద్యపేర పన్నుపై పన్ను వసూలగుచున్నది. మొదట నూటికి రెండు, 2007లో మరియొకటి, 2018లో ఆరోగ్యముతో కలిపి నాలుగు. విద్యపేరు చెప్పి ప్రజలవద్ద ప్రత్యేకముగా వసూలుచేసినవారు, ఆ సొమ్ము పాతవ్యయమునకు అదనముగా బడికి చేరుచున్నదా, లేక పాతవ్యయమును తగ్గించి ఆ చోట దీనిని పూరించుచున్నారా యను లెక్కను ప్రతి పాఠశాల గోడపైన వ్రాసియుంచవలెను. పైగా 1976లో 42వ సవరణముచే విద్య ఉమ్మడిపట్టికలోనికి వచ్చినది మొదలు కేంద్రము రాష్ట్రమును, రాష్ట్రము కేంద్రమును వేలుపెట్టి చూపుట కలవాటుపడినవి. ఇద్దరు తండ్రులున్న బిడ్డ పస్తుండుట మనయొద్దనే చూతుము.

ధనము గలవారే విద్య చెప్పించిరా? 1817లో తిరువాన్కూరు రాణి గౌరీ పార్వతీబాయి ప్రజావిద్యకగు వ్యయమంతయు రాజ్యమే భరింపవలెనని శాసించెను. ఆమె సంస్థానము నాడు కుబేరపురి గాదు. 1872లో జపాను విద్యాశాసనము చేసినప్పుడు ఆ దేశము ఐశ్వర్యముతో తులతూగుట లేదు. 1906లో బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడు తన రాజ్యమంతట నిర్బంధప్రాథమికవిద్య నేర్పరచెను. గోఖలే తన బిల్లునకు చూపిన సాక్ష్యములలో నదియొకటి. ఆ తిరువాన్కూరు చేరిన కేరళమున 2011 జనాభాలెక్కలనుబట్టి నూటికి 94 మంది అక్షరాస్యులు. అవే లెక్కలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున నూటికి 67 మంది. దేశపు సగటు 74. సగటుకును దిగువనున్న జాతి తన ప్రాచీనవైభవమును గూర్చి ఎంత పెద్దగొంతుతో మాటలాడినను ఆ ఏడు మెట్లు తనంత తాము తగ్గవు.

ఇంకొక నిదర్శనము మన యింటిదే. 1953లో చెన్నరాష్ట్రమున బడులలో చోటును ఉపాధ్యాయులును చాలరను కారణము చెప్పి, పిల్లలు పూటబడి చదివి తక్కినపూట ఇంటివృత్తి నేర్చుకొనవలెనని రాజాజీ ప్రభుత్వము ఏర్పాటు చేసినది. చాకలివాని బిడ్డ చాకిరేవుకును, కుమ్మరివాని బిడ్డ సారెకును మరలిపోవలెననుట కాక దీని కర్థమేమని ప్రజలు తిరుగబడిరి. 1954లో రాజాజీ తొలగిపోయెను. తరువాత వచ్చిన కామరాజు ఆ యేర్పాటును రద్దుచేసి, బడుల సంఖ్య పెంచి, 1956నుండి పేదపిల్లలకు బడిలోనే మధ్యాహ్నభోజనము పెట్టించెను. బొక్కసము అదే, రాష్ట్రము అదే. మారినది ముందుగా దేనికి వ్యయపరుపవలెనను బుద్ధి మాత్రమే.

బొక్కసమును గూర్చి మాటలాడునప్పుడు మద్యపు పద్దును మరచుట న్యాయము గాదు. 1927లో బొంబాయి శాసనమండలిలో డాక్టరు అంబేడ్కరు, ప్రభుత్వము మద్యపుసుంకముగా ప్రజలనుండి ఎంత గుంజుచున్నదో అంతయైనను వారి చదువుపై వ్యయపరుపవలెనని వాదించెను. పిల్లల చదువునకు మద్యపుసొమ్మే దిక్కగుట క్రూరమైన విపరీతమని గాంధీమహాత్ముడు 1937లో వాపోయెను. మద్యము మాన్పించిన బడు లెట్లు నడుచునను ప్రశ్న నాడు పుట్టెను. నేడు మద్యము మాన్పింపలేదు. బడియు సరిగా నడుచుట లేదు. ఈ రెండిటి నడుమ సొమ్ము ఏ దారిని బోవుచున్నది?

ఇట నెల్లూరుజిల్లా కథ యొకటి చెప్పక తప్పదు. 1991లో ఆ జిల్లాలో అక్షరదీపమను పేర వయోజనవిద్యోద్యమము నడచినది. పగలంతయు కూలిచేసి వచ్చిన స్త్రీలు రాత్రివేళ దీపముచుట్టును కూర్చుండి ఓనమాలు దిద్దిరి. వారి వాచకములో సీతమ్మకథ యను పాఠము గలదు. సారావలన చితికిన కాపురపు కథ యది. చదివినవారు అది తమ కథయేయని గుర్తించిరి. 1992లో దూబగుంట స్త్రీలు తమ యూరి సారాదుకాణమును మూయించిరి. ఆ జ్వాల జిల్లా దాటి రాష్ట్రమంతట నలుముకొనెను. 1993 అక్టోబరులో సారా నిషేధింపబడెను. 1995లో సంపూర్ణమద్యనిషేధము వచ్చెను. 1997లో ప్రభుత్వము, ఆదాయము చాలదని, ఆ నిషేధమును సడలించెను. కూడబలుకుకొని చదువుట మాత్రము నేర్చిన స్త్రీలు రెండు మూడేండ్లలో ఒక రాష్ట్రపు ఆబ్కారీపద్దును తలక్రిందులు చేసిరి. అర్ధాక్షరాస్యతకే ఇంతటి శక్తి యున్నచో, సంపూర్ణవిద్య కెంత శక్తి యుండునో యూహింపుడు. బడికి ధనము లేదని చెప్పుటలో మఱియొక భయము దాగియున్నదేమో యని మాకప్పుడప్పుడు తోచును.

ఇక రెండవ యాక్షేపణము. సర్కారుబడి చెడిపోయినది, అందు ధనము పోయుట చిల్లికుండలో నీరు పోయుటయే, ప్రైవేటువారికే విడిచిపెట్టరాదా యని కొందరు బుద్ధిమంతులు చెప్పుచున్నారు. బడి చెడిపోయినమాట మేము కాదనము. 2022లో పల్లెపట్టులయందు జరిగిన అసర్ పరీక్షలో ఐదవతరగతి పిల్లలలో సగముకంటె నెక్కువమంది రెండవతరగతి పాఠమును చదువలేకపోయిరి. అందు ప్రైవేటుబడుల పిల్లలును చేరియున్నారు గాన ఆ మందు ఈ రోగమును పూర్తిగా కుదుర్చునదిగా గానరాదు. అది యటుండ, కుండకు చిల్లి యెవరు పెట్టిరి? ఆంధ్రప్రదేశమున 2018నాటి డి.యస్.సి. తరువాత మరల 2025లో గాని డి.యస్.సి. జరుగలేదు. తెలంగాణమున 2017నాటి ప్రకటనపై జరిగిన నియామకముల తరువాత మరల 2024లో గాని కొత్త యుపాధ్యాయులు బడిమెట్లెక్కలేదు. ఏడేండ్లు! ఒకటవతరగతిలో చేరిన పిల్లవాడు ఆ యేడేండ్లలో ఏడవతరగతి ముగించుకొని పోవును. పదవీవిరమణచేసినవారి కుర్చీలు ఖాళీగానుండ, ఒకే పంతులు అయిదుతరగతులను ఒకే గదిలో కూర్చుండబెట్టి, నడుమ జనాభాలెక్కలు, ఎన్నికలపనులు, భోజనపులెక్కలు వ్రాసికొనుచుండ, చదువు రాలేదని పిల్లవానిని నిందింతుమా, పంతులును నిందింతుమా? పిల్లలు తగ్గిరని బడిని మూయుదురు. బడి దూరమైనందున పిల్లలు మరింత తగ్గుదురు. 2022లో ఆంధ్రప్రదేశమున 117వ ఉత్తరువు ననుసరించి మూడు, నాలుగు, ఐదు తరగతులను ప్రాథమికపాఠశాలలనుండి ఉన్నతపాఠశాలలకు తరలించిరి. తరువాత వచ్చిన ప్రభుత్వము ఆ యేర్పాటును మార్చివేసినది. పెద్దలు కాగితములపై గీతలు గీసి చెరిపికొనుచుండ, పసిబిడ్డ సంచి భుజమున వేసికొని ఏ బడికి బోవలెనో తెలియక దారిలో నిలిచియున్నాడు.

ప్రైవేటుబడి యనగా నేమి? రుసుము చెల్లింపగలవానికి చదువు, చెల్లింపలేనివానికి లేదు. అంగడికిది ధర్మము కావచ్చును, రాజ్యమునకు గాదు. తెలంగాణమున బడికి బోవు పిల్లలలో చాలమంది నేడు ప్రైవేటుబడులయందే యున్నారు. వారి తల్లిదండ్రులందరు శ్రీమంతులా? ఆటో నడుపువాడు, ఇండ్లలో అంట్లుతోము స్త్రీ, కౌలురైతు, వడ్డీకి దెచ్చి రుసుము కట్టుచున్నారు. వారు ప్రభుత్వమునకు పన్ను కట్టి, అదే సేవకు అంగడిలో మరల వెలయిచ్చుచున్నారు. ఇది రెండవపన్ను. చట్టసభ అనుమతి లేని పన్ను. అన్నిటికంటెను కరకైన పన్ను.

దీనివలని అసలు హాని మరియొకటి గలదు. దానిని చెప్పుటకు మాకు కొంత సంకోచముగా నున్నది; ఏలయన అది మా పాఠకులను, మమ్మును గూడ తాకును. పట్టణములందు ఉద్యోగి, వకీలు, వైద్యుడు, వర్తకుడు, పత్రికారచయిత తమ బిడ్డలను సర్కారుబడినుండి తొలగించిరి. తొలగించిన దినముననే ఆ బడికి మాటలాడు నోరు పోయినది. కప్పు కారినను, మరుగుదొడ్డికి నీరు లేకున్నను, పంతులు రాకున్నను కలెక్టరు కచ్చేరికి బోయి నిలదీయగలవాడు ఆ బడి ప్రాంగణమున లేడు. మిగిలినవారు అర్జీ వ్రాయ నేర్వనివారు. బలవంతులు విడిచిపెట్టిన సత్రము ఏమగునో బడియు నదియే యైనది. ప్రభుత్వవేతనము పొందువారు తమ బిడ్డలను ప్రభుత్వపాఠశాలలకే పంపునట్లు చేయవలెనని 2015లో అలహాబాదు హైకోర్టు ఉత్తరప్రదేశప్రభుత్వమును ఆదేశించినది. ఆ తీర్పు సారము కోపము గాదు, వైద్యము. పాలించువాని బిడ్డ కూర్చుండు గది కప్పు కారదు.

మన పూర్వులు ఇట్లు చేతులు కట్టుకొని కూర్చుండలేదు. 1874లో కందుకూరి వీరేశలింగముగారు ధవళేశ్వరమున బాలికాపాఠశాల పెట్టునప్పుడు లోకము నవ్వినది. 1910లో బందరున ఆంధ్రజాతీయకళాశాల వెలసినది. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయమును, 1918లో వేటపాలెమున సారస్వతనికేతనమును చందాలతో నిలిపినవారు ప్రభుత్వ మీయలేదని ఊరకుండిరా? అయినను ఒక భేదము గుర్తింపవలెను. వారి కాలమున ప్రభుత్వము పరాయిది. దానిని అడుగుట యాచనము. నేటి ప్రభుత్వము మనది. దానిని అడుగుట లెక్క యడుగుట. దాతృత్వముచే ఒక బడి నిలుచును, ఒక గ్రంథాలయము నిలుచును. కోట్లకొలది పిల్లల చదువు పన్నుసొమ్ముచేతను, శాసనముచేతను మాత్రమే నిలుచును.

కనుక మేము కోరునది స్పష్టముగా చెప్పుచున్నాము. జాతీయాదాయములో ఆరుపాళ్లను ఏయేటి కెంత పెంచి ఎన్నేండ్లకు చేర్తురో శాసనమే చేయవలెను. ఇకమీదట విధానపత్రములలో దానిని స్తుతించుట చాలింపవలెను. ఉపాధ్యాయుల ఖాళీలను ప్రతిసంవత్సరము వేసవిలోనే పూరింపవలెను. ఎన్నికల కానుకగా ఏడేండ్లకొకమారు పూరించుట మానవలెను. ఆబ్కారీయాదాయములో నిర్ణీతభాగము పేరుపెట్టి ప్రాథమికవిద్యకే కట్టుబడవలెను. గ్రామసభ సమ్మతి లేక ఏ బడియు మూతపడరాదు. పథకములకు నాయకుల పేర్లు పెట్టి, ప్రభుత్వము మారగానే పేర్లు చెరిపి క్రొత్తపేర్లు వ్రాయు వేడుకను ఇకనైన విరమింపవలెను. సున్నము వేసినంతమాత్రమున చదువు రాదు.

పఠనమందిరములందు ఈ పంక్తులు చదువు సోదరులారా! విద్యాహక్కుచట్టము ననుసరించి ప్రతి సర్కారుబడికిని యాజమాన్యసంఘ మొకటి యుండవలెను. అందు నాల్గింట మూడువంతులు తల్లిదండ్రులే యుండవలెను. మీ వీథిలోని బడికి అట్టి సంఘమున్నదా? ఉన్నచో కడపటిసారి ఎప్పుడు కూడినది? ఎన్ని కుర్చీలలో పంతుళ్లు లేరు? ఈ మూడు ప్రశ్నలు వ్రాసికొని రేపటి యుదయమున ఆ బడి గడప త్రొక్కుడు. సమాధానములను మీ శాసనసభ్యుని యింటికి గొనిపొండు. వోటడుగ వచ్చినప్పుడు మరల ముందుంచుడు.

బళ్లారినుండి ఆ కలెక్టరు 1823లో వ్రాసిన జాబునకు ఇంతవరకు సరియైన ప్రత్యుత్తరము వెళ్లలేదు. కంపెనీవారు ఈయలేదు, సామ్రాజ్యమువా రీయలేదు. వారు మనవారు కారు గనుక క్షమింతము. స్వతంత్రభారతమును ఈయనిచో క్షమించుటకు కారణ మేమియు లేదు.